లంగరు గొలుసు ఎక్కడ కట్టాలి? తేలే చమురు ఓడ కదలికల్లో మూరింగ్ పాత్ర

కాకినాడ తీరం నుంచి 30–35 కిలోమీటర్ల దూరంలో, కృష్ణా–గోదావరి బేసిన్‌లోని కేజీ–డీడబ్ల్యూఎన్–98/2 బ్లాకులో ఓఎన్‌జీసీ 2024 జనవరి 7న చమురు ఉత్పత్తి మొదలుపెట్టింది. సముద్రగర్భం నుంచి పైకి వచ్చే ఆ చమురు మొదట చేరేది సముద్రం మీదే నిలిపి ఉంచిన ఒక ఓడకు. చమురును, గ్యాసును, నీటిని వేరుచేయడం, వేరుచేసిన చమురును నిల్వ ఉంచడం, వచ్చే ట్యాంకర్లలోకి దాన్ని ఎక్కించడం అనే మూడు పనులూ చేసే ఇలాంటి ఓడలను ఎఫ్‌పీఎస్‌ఓలు అంటారు. 1977లో స్పెయిన్ తీరంలో షెల్ సంస్థ వాడిన 'కాస్టెల్లాన్' వీటిలో మొదటిది. మామూలు ఓడ తుపాను వస్తే దారి మార్చుకుని పోతుంది, లేదా రేవు చేరుతుంది. ఎఫ్‌పీఎస్‌ఓ మాత్రం ఏళ్ల తరబడి ఒకేచోట ఉండి, వచ్చిన ప్రతి కెరటాన్నీ కాచుకోవాలి. దాన్ని అక్కడ నిలిపి ఉంచేవి లంగర్లు, గొలుసులు, తాళ్లు. వీటన్నిటినీ కలిపి మూరింగ్ అంటారు.

మూరింగ్ అనగానే ఓడ ఊగకుండా గట్టిగా పట్టి ఉంచే కట్టు అన్న భావన కలుగుతుంది. లెక్క వేసి చూస్తే ఆ భావన నిలబడదు. 300 మీటర్ల పొడవు, 55 మీటర్ల వెడల్పు ఉన్న ఓడను ఉదాహరణగా తీసుకుంటే, నీటిమట్టం దగ్గర దాని కోత వైశాల్యం సుమారు 15 వేల చదరపు మీటర్లు ఉంటుంది. ఆ ఓడను ఒక్క మీటరు కిందికి దించాలంటే దాదాపు 15 వేల టన్నుల బరువు మోపాలి. కెరటం పైకెత్తుతున్నప్పుడు దాన్ని కిందికి పట్టి ఉంచాలన్నా అదే స్థాయి బలం కావాలి. లోతైన సముద్రాల్లో వాడే దిట్టమైన గొలుసు ఒక్కొక్కటి తెగిపోయే బలమే 1,500 నుంచి 2,000 టన్నులు. పక్కకు, ముందుకు సాగే కదలికల సంగతీ అంతే. నీటితో కలిపి 3 లక్షల టన్నుల ద్రవ్యరాశి 12 సెకన్లకు ఒకసారి రెండు మీటర్లు ముందుకీ రెండు మీటర్లు వెనక్కీ ఊగుతుంటే, దాన్ని కదలకుండా ఆపడానికి 16 వేల టన్నులకు పైగా బలం కావాలి. అంత బలాన్ని ఎదిరించాలని చూస్తే గొలుసులు తెగుతాయి. అందుకే మూరింగ్ రూపకల్పనలో మొదటి పాఠం కెరటానికి ఓడను ఊగనివ్వడమే.

మరి మూరింగ్ చేతిలో ఉండేవి ఏమిటి? ఓడ కదలికలు ఆరు రకాలు. ముందుకూ వెనక్కూ సాగే సర్జ్, పక్కలకు జరిగే స్వే, పైకీ కిందికీ లేచి దిగే హీవ్, పక్కలకు ఒరిగే రోల్, ముక్కు లేచి తోక దిగే పిచ్, నిలువు ఇరుసు చుట్టూ తిరిగే యా. వీటిలో హీవ్, రోల్, పిచ్‌లలో ఓడను తిరిగి యథాస్థితికి తెచ్చేది నీరే. సర్జ్, స్వే, యాలలో నీటికి అలాంటి గుణం లేదు. ఓడను ఒక పక్కకు తోస్తే నీరు దాన్ని వెనక్కి తేదు. ఆ మూడింటిలో ఓడకు స్థానమంటూ కల్పించేది మూరింగ్ ఒక్కటే. అది కల్పించే పట్టు చాలా మెత్తనిది. పైన చెప్పిన ఓడను ఒక మీటరు జరిపితే గొలుసులన్నీ కలిసి 40 టన్నుల బలంతో వెనక్కి లాగుతాయనుకుంటే, ఆ ఓడ సహజంగా ఒకసారి అటూ ఇటూ ఊగి రావడానికి సుమారు 174 సెకన్లు, అంటే దాదాపు మూడు నిమిషాలు పడుతుంది. కెరటాలేమో 5 నుంచి 20 సెకన్లకు ఒకటి చొప్పున వస్తాయి. రెండు లయలూ ఇంత దూరంగా ఉండటం కావాలని చేసే ఏర్పాటే.

ఈ ఏర్పాటులోనే ఒక చిక్కు దాగి ఉంది. కెరటాలు అన్నీ ఒకే ఎత్తున రావు. కొన్ని పెద్దవి గుంపుగా వస్తాయి, ఆ వెంటనే కొన్ని చిన్నవి వస్తాయి. ఓడకు తగిలి చెదిరే కెరటం దాన్ని కొద్దిగా ఒక దిక్కుకు నెడుతుంది. పెద్ద కెరటాల గుంపు వచ్చినప్పుడు ఆ నెట్టుడు పెరుగుతుంది, గుంపు దాటిపోయాక తగ్గుతుంది. ఈ హెచ్చుతగ్గులు నిమిషాల లయలో సాగుతాయి కనుక, అవి సరిగ్గా ఓడ సహజ లయకు దగ్గరగా వస్తాయి. అట్లతద్ది ఉయ్యాలను సరైన సమయానికి వేలితో నెడుతూ పోయినా చాలు, అది కొమ్మల దాకా లేస్తుంది. అలాగే చిన్న బలాలే ఓడను పదుల మీటర్ల మేర నెమ్మదిగా అటూ ఇటూ తీసుకుపోతాయి. దీన్ని స్లో డ్రిఫ్ట్ అంటారు. గొలుసులు ఎక్కువగా బిగిసేది, బావుల నుంచి పైకి వచ్చే రైజర్ గొట్టాలు వంగేది ఈ మందగమనం చివరన ఒక పెద్ద కెరటం కూడా తోడైనప్పుడే.

మూరింగ్ స్థానం చేసే పనుల్లో మరొకటి ఉంది. ప్రభావంలో అదే అన్నిటికన్నా పెద్దది. ఓడ ముఖం ఎటు ఉండాలో నిర్ణయించేది మూరింగే. హైదరాబాద్‌లో సముద్రం లేకపోయినా దీన్ని కళ్లారా చూడవచ్చు. హుస్సేన్‌సాగర్‌లో గాలి వీచే సాయంత్రం ఒక చిన్న పడవను ముక్కు దగ్గర ఒకే తాడుతో కట్టి వదిలితే, అది కాసేపు అటూ ఇటూ ఊగి, గాలికి ఎదురుగా ముక్కు పెట్టి నిలుస్తుంది. అదే తాడును పడవ నడుముకు కడితే, పడవ గాలికి అడ్డంగా తిరిగిపోయి, నీరు పక్కన కొడుతూ ఒరుగుతుంది. ముక్కునూ తోకనూ రెండు తాళ్లతో రెండు వైపులా కడితే, గాలి ఎటు మారినా పడవ కట్టిన దిక్కుకే ఉంటుంది. గాలి పక్క నుంచి వస్తే పక్కనే కాచుకుంటుంది. తాడు పడవ ఒరగడాన్ని నేరుగా ఆపలేదు. అయినా పడవ ఎంత ఒరుగుతుందన్నది ఆ తాడు కట్టిన చోటు మీదే ఆధారపడింది. ఎఫ్‌పీఎస్‌ఓ రోల్ విషయంలో మూరింగ్ పాత్ర అచ్చంగా ఇదే. ఎదురు కెరటంలో ఓడ రోల్ దాదాపు లేనట్టే. అదే కెరటం పక్క నుంచి, రోల్ సహజ లయకు దగ్గరి వ్యవధితో వస్తే ఓడ ఎన్నో డిగ్రీలు ఒరుగుతుంది. కొన్ని డిగ్రీల ఒరుగుడుకే సెపరేటర్ ట్యాంకుల్లో చమురు, నీరు తొణికి కలిసిపోతాయి, క్రేన్లు ఆపాల్సి వస్తుంది, హెలికాప్టర్ దిగలేదు.

ముక్కు దగ్గరా తోక దగ్గరా నాలుగు మూలల నుంచి గొలుసులు పరిచే పద్ధతిని స్ప్రెడ్ మూరింగ్ అంటారు. ఇది చౌక, సులువు; తిరిగే భాగాలు ఉండవు; రైజర్లను ఓడ పక్క పొడవునా కావలసినన్ని వేలాడదీయవచ్చు. ఇందులో గొలుసులు ఓడ నడుము నుంచి ఎంత దూరంలో పట్టుకున్నాయన్నది యా కదలికను శాసిస్తుంది. ఆ దూరం రెట్టింపు అయితే, ఓడను తిరగనివ్వని పట్టు నాలుగు రెట్లు అవుతుంది. కాబట్టి గొలుసులను వీలైనంత కొసలకు జరుపుతారు. అయితే ఓడ దిక్కు మారదన్న గుణమే దీని బలహీనత కూడా. కెరటాలు ఏడాది పొడవునా ఒకే వైపు నుంచి వచ్చే సముద్రాల్లోనే ఇది బాగా నప్పుతుంది. అంగోలా తీరంలో సుమారు 1,350 మీటర్ల లోతున, 2001 డిసెంబరులో ఉత్పత్తి ప్రారంభించిన జిరాసోల్ ఎఫ్‌పీఎస్‌ఓ దీనికి మంచి ఉదాహరణ. దూరాన దక్షిణ మహాసముద్రంలో పుట్టిన పొడవైన కెరటాలు అక్కడికి దక్షిణ, నైరుతి దిక్కుల నుంచే వస్తాయి. ఓడ ముఖాన్ని ఆ వైపు పెట్టి 16 గొలుసులతో కట్టేస్తే సరిపోతుంది. అంత నిలకడ లేని సముద్రంలో అదే పని చేస్తే ఓడ తన పక్కను తుపానుకు అప్పగించినట్టే.

దిక్కు మారే సముద్రాల కోసం వచ్చినదే టరెట్. ఓడ గర్భంలోనో, ముక్కు బయటో ఒక పెద్ద నిలువు స్తంభాన్ని బేరింగుల మీద అమర్చి, గొలుసులన్నిటినీ, రైజర్లన్నిటినీ దానికే కడతారు. స్తంభం కదలదు; ఓడ దాని చుట్టూ గాలికోడిలా తిరుగుతూ ఎదురు కెరటాన్ని వెతుక్కుంటుంది. ఈ స్తంభాన్ని ఓడ పొడవులో ఎక్కడ పెట్టాలన్నది మూరింగ్ రూపకల్పనలోకెల్లా కష్టమైన ప్రశ్న.

ముక్కు దగ్గర పెడితే ఓడ తనంతట తాను చక్కగా తిరుగుతుంది. కానీ పిచ్ వల్ల ముక్కు పడే ఊపును టరెట్ మొత్తంగా భరించాలి. 250 మీటర్ల ఓడ 3 డిగ్రీలు పిచ్ అయితే, నడుము నుంచి 125 మీటర్ల దూరంలో ఉన్న ముక్కు సుమారు ఆరున్నర మీటర్లు లేస్తుంది, అంతే దిగుతుంది. అదే టరెట్ నడుముకు 40 మీటర్లు ముందు ఉంటే ఆ ఊపు రెండు మీటర్లకు కాస్త పైన మాత్రమే. రైజర్లకు, గొలుసు పైకొసలకు ప్రతి కెరటానికీ తగిలే ఈ తేడా, 20 ఏళ్ల జీవితకాలంలో కోట్ల సార్లు పునరావృతమవుతుంది. అలాగని టరెట్‌ను నడుముకు దగ్గరగా తెస్తే మరో సమస్య. పొడవైన ఓడకు ప్రవాహం కొద్ది కోణంలో తగిలినప్పుడు, పక్కకు తోసే బలం నడుము మీద పడదు. నడుముకు ముందు ఎక్కడో పడుతుంది. టరెట్ ఆ బిందువుకు వెనక ఉంటే, కొద్దిగా పక్కకు మళ్లిన ఓడను ప్రవాహం ఇంకా పక్కకే తిప్పుతుంది. అందువల్ల టరెట్ నడుముకు 'కొంచెం ముందు' ఉంటే చాలదు, ఆ బిందువును దాటి ముందుండాలి. లేకపోతే ఓడను ఎదురుగా నిలపడానికి నిరంతరం థ్రస్టర్లు, అంటే ఓడను తిప్పడానికి అడుగున అమర్చే మోటారు పంకాలు, తిప్పాలి.

దీనికి తోడు సిబ్బంది నివాసం ఎక్కడన్న ప్రశ్న ఒకటుంది. నివాస భవనం ఎత్తుగా తోక మీద ఉంటే గాలి దాన్ని పట్టుకుని ఓడను చక్కగా తిప్పుతుంది. కానీ గ్యాసు లీకైతే గాలి దాన్ని నేరుగా ఆ భవనం మీదికే తీసుకుపోతుంది. భవనాన్ని ముక్కు మీద పెడితే సిబ్బంది గాలికి ఎగువన సురక్షితంగా ఉంటారు. అయితే అదే భవనం మీద పడే గాలి ఓడను అడ్డం తిప్పడానికి చూస్తుంది, టరెట్ కూడా భవనం వెనక్కి జరగాల్సి వస్తుంది. ఒకచోట సౌకర్యం పెంచితే మరోచోట ఖరీదు కట్టాల్సిందే. ఇందులో ప్రాణభద్రత వైపు మొగ్గి, ఊపుల లెక్కను తర్వాత సరిచేసుకోవడమే సరైన క్రమం.

థ్రస్టర్ల మీద ఆధారపడితే ఏమవుతుందో 2011 ఫిబ్రవరిలో ఉత్తర సముద్రంలో తెలిసింది. బ్రిటన్ జలాల్లోని గ్రిఫన్ ఆల్ఫా ఎఫ్‌పీఎస్‌ఓ తీవ్రమైన తుపానులో తన దిక్కును నిలుపుకోలేకపోయింది. ఓడ పక్క తిరగగానే దాని మీద పడే గాలి, కెరటాల బలం అనేక రెట్లు పెరిగింది. నాలుగు గొలుసులు తెగాయి, ఓడ తన స్థానం నుంచి కొట్టుకుపోయింది, సముద్రగర్భంలోని గొట్టాలు దెబ్బతిన్నాయి. మళ్లీ ఉత్పత్తి మొదలయ్యేసరికి 2013 వచ్చింది. ఓడ ఎదురుగా ఉన్నంతసేపు సరిపోయిన గొలుసులే అడ్డం తిరిగేసరికి చాలకపోయాయి. గొలుసు బలాన్ని లెక్కించేటప్పుడు దిక్కును విడిగా చూడటం ఎంత ప్రమాదకరమో ఈ ఒక్క సంఘటనతో అర్థమవుతుంది.

బ్రెజిల్‌లో పెట్రోబ్రాస్ చమురు సంస్థ స్ప్రెడ్ మూరింగ్‌కూ టరెట్‌కూ మధ్యేమార్గం ఒకటి కనుక్కుంది. స్ప్రెడ్ మూరింగ్‌లోనే ముక్కు వైపు గొలుసులను బిగువుగా, తోక వైపువి వదులుగా ఉంచితే ఓడ కొంతమేర గాలికీ ప్రవాహానికీ తిరగగలుగుతుంది. డైకాస్ అనే ఈ అమరిక పూర్తి స్వేచ్ఛ ఇవ్వదు, కానీ టరెట్ ఖర్చు తప్పిస్తుంది.

గొలుసులను చుట్టూ ఎలా పంచాలన్నది మరో అంశం. పన్నెండు గొలుసులున్నాయనుకుంటే, వాటిని 30 డిగ్రీలకు ఒకటి చొప్పున సమంగా పరచవచ్చు, లేదా నాలుగేసి చొప్పున మూడు గుంపులుగా 120 డిగ్రీల ఎడంతో పరచవచ్చు. ఓడ కొద్దిగా మాత్రమే జరిగినప్పుడు రెండూ అన్ని దిక్కులా ఒకేలా పట్టు ఇస్తాయి. తేడా తుపానులో బయటపడుతుంది. సమంగా పరిచినప్పుడు గాలికి ఎదురుగా ఉన్న ఒక్క గొలుసు మీదే భారం ఎక్కువగా పడుతుంది. అది తెగితే పక్కవి వేరే కోణంలో ఉంటాయి కనుక ఆ లోటును పూర్తిగా పూడ్చలేవు. గుంపులో ఒకటి తెగితే మిగిలిన మూడూ అదే దిక్కున ఉండి భారం పంచుకుంటాయి. పైగా గుంపుల మధ్య ఖాళీలో రైజర్లకు దారి దొరుకుతుంది. అయితే గుంపుల అమరికలో తుపాను సరిగ్గా ఒక గుంపుకు ఎదురుగా వస్తే గొలుసుల బిగువు గరిష్ఠమవుతుంది, రెండు గుంపుల మధ్య నుంచి వస్తే ఓడ జరిగే దూరం గరిష్ఠమవుతుంది. అందుకే రెండు దిక్కులకూ విడివిడిగా లెక్కలు వేస్తారు. అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ ప్రమాణం ప్రకారం భద్రతా గుణకం, అంటే గొలుసు తెగే బలం దాని మీద పడే గరిష్ఠ బిగువుకు ఎన్ని రెట్లన్నది, అన్ని గొలుసులూ ఉన్నప్పుడు 1.67, ఒకటి తెగినప్పుడు 1.25 ఉండాలి.

స్లో డ్రిఫ్ట్‌ను అదుపు చేసేది గొలుసుల బిగువు మాత్రమే కాదు, అవి నీటిలో కలిగించే ఒరిపిడి కూడా. ఓడ కొద్ది మీటర్లు జరిగినా, వేలాడే గొలుసు నడిమి భాగం నీటిని కోసుకుంటూ అంతకంటే ఎక్కువ దూరం లేచి దిగుతుంది. ఆ ఒరిపిడి ఉయ్యాల శక్తిని తినేస్తుంది. లోతు పెరిగేకొద్దీ బరువైన గొలుసును పూర్తిగా వేలాడదీయడం కుదరక, మధ్యలో పాలిస్టర్ తాడు వాడి, గొలుసూ తాడూ కలిసిన ఆ లైనును వేలాడకుండా తిన్నగా బిగించి కడతారు. అప్పుడు ఓడ జరిగే దూరం తగ్గుతుంది, సముద్రగర్భంలో ఆక్రమించే మేర తగ్గుతుంది. అయితే లైను అంతగా లేచి దిగదు కనుక ఆ ఒరిపిడీ తగ్గుతుంది.

స్థానం ప్రభావం ఓడంతటి పెద్ద విషయంలోనే కాదు, ఒక్క లింకు దగ్గర కూడా కనిపిస్తుంది. 142 మిల్లీమీటర్ల మందం గల గొలుసు మీటరుకు 400 కిలోలు తూగుతుంది; ఒక్క లింకే 200 కిలోలు దాటుతుంది. కర్మాగారం వదిలే ముందు ఇలాంటి గొలుసును భారీ బలంతో లాగి పరీక్షిస్తారు. ఆ లాగుడుకు లింకులు ఒకదానికొకటి తగిలే చోట లోహం కొద్దిగా అణిగి, రెండూ కుదురుకుంటాయి. తర్వాత సముద్రంలో ఓడ ఊగి గొలుసు కోణం ఒక డిగ్రీ మారినా, బిగువు మీదున్న లింకు పక్క లింకు మీద దొర్లదు. రాపిడికి బిగుసుకుపోయి, ఇనుప కమ్మీలా వంగుతుంది. ఆ వంపు అంతా, ఓడ దగ్గర గొలుసు పైకొసను పట్టుకునే గొట్టం నుంచి బయటపడిన తొలి లింకుల మీద పడుతుంది. జిరాసోల్ క్షేత్రంలో ట్యాంకర్లకు చమురు ఎక్కించే బోయా (లంగరు వేసిన తేలుడు తొట్టి) గొలుసులు ఇలాగే, 2002లో, వేసిన ఏడాది తిరగకముందే తెగాయి. లాగుడు బలాన్ని మాత్రమే చూసిన లెక్కల్లో అవి దశాబ్దాలు నిలవాల్సినవి. అప్పటి నుంచి గొలుసు పైకొసను ఎక్కడ, ఎంత స్వేచ్ఛతో పట్టుకోవాలన్నది ఈ రంగంలో విడిగా పరిశీలించే విషయమైంది.

బంగాళాఖాతానికి వస్తే దిక్కు ప్రశ్న మరింత చిక్కగా ఉంటుంది. నైరుతి రుతుపవనాల కాలంలో దక్షిణం నుంచి పొడవైన కెరటాలు వస్తాయి. ఈశాన్య రుతుపవనాల కాలంలో గాలి దిక్కు తిరగబడుతుంది. తూర్పు తీరం వెంట ప్రవాహం కూడా ఫిబ్రవరి నుంచి మే దాకా ఉత్తరానికి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణానికి సాగుతుంది. వీటన్నిటి మీద తుపాన్లు. 1977 నవంబరులో దివిసీమ, 1996 నవంబరులో కోనసీమ చూసిన తుపాన్లు వచ్చింది ఇదే సముద్రం నుంచి. తుపాను కేంద్రం దాటుతున్నప్పుడు ఒకే చోట గాలి కొద్ది గంటల్లో ఎదురు దిక్కుకు మారుతుంది. ముందు లేచిన కెరటాలు మాత్రం పాత దిక్కు నుంచే వస్తూ ఉంటాయి. టరెట్ ఓడ అప్పుడు గాలిని అనుసరించి తిరిగి, తన పక్కను పాత కెరటాలకు చూపుతుంది. గాలికోడిలా తిరగగలగడం అన్ని వేళలా రక్షణ కాదనడానికి ఇంతకన్నా స్పష్టమైన సందర్భం లేదు. కనుక ఈ సముద్రంలో మూరింగ్ లెక్కకు కెరటం ఎత్తు ఒక్కటే చాలదు. గాలి, కెరటం, ప్రవాహం మూడూ ఒకే సమయంలో ఏయే దిక్కుల నుంచి వచ్చాయో కలిపి నమోదైన సమాచారం కావాలి. హైదరాబాద్ ప్రగతినగర్‌లోని జాతీయ సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ సముద్రంలోని బోయాల ఆధారంగా కెరటాల ఎత్తుతో పాటు వాటి దిక్కును, వ్యవధిని కూడా తెలియజేస్తుంది. మత్స్యకారుల హెచ్చరికలకు వాడే ఆ సమాచారానికి మూరింగ్ ఇంజనీరు దగ్గరా అంతే విలువ ఉంది.

గాలి, కెరటం రెండూ విడివిడి దిక్కుల నుంచి వచ్చే ఈ పరిస్థితికి రూపకర్తలు ఇచ్చిన ఒక జవాబు, విడిపోగలిగే టరెట్. కేజీ బేసిన్‌లోనే 2008 సెప్టెంబరులో సుమారు 1,200 మీటర్ల లోతున ఉత్పత్తి మొదలుపెట్టిన ధీరూభాయ్–1, భారత తూర్పు తీరపు తొలి ఎఫ్‌పీఎస్‌ఓ, ఇలాంటి టరెట్‌తోనే వచ్చింది. తుపాను ముంచుకొస్తే బావులు మూసి, రైజర్లలోని చమురును తోసి శుభ్రం చేసి, గొలుసులూ రైజర్లూ పట్టుకున్న బోయాను వదిలేస్తారు. అది కెరటాల తాకిడి అంతగా చేరని లోతుకు మునిగి అక్కడే తేలుతూ ఉంటుంది. ఓడ తన ఇంజిన్లతో దూరంగా వెళ్లిపోతుంది. ఈ పనులన్నిటికీ గంటల వ్యవధి కావాలి, తిరిగి వచ్చి బోయాను ఓడ అడుగుకు లాక్కుని బిగించడానికి సముద్రం తగినంత శాంతించాలి. అప్పటిదాకా బావులు మూసే ఉంటాయి.